బొల్లి మచ్చలు, పిల్లల చూపు: భయం ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసరం

బిడ్డ కనురెప్ప మీద తెల్లని మచ్చ ఒకటి కనిపించిన నాటి నుండి ఆ ఇంటిలో నిద్ర కరువవుతుంది. ముందు బంధువుల మాటలు, తరువాత పెళ్ళి ఆలోచనలు. వాటి వెనుక ఎవరూ పైకి అనని భయం మరొకటి ఉంటుంది. ఈ తెలుపు రెప్ప దాటి కంటిలోనికి పోతుందా? బిడ్డ చూపు దెబ్బతింటుందా? చర్మవైద్యుని దగ్గర ఐదు నిమిషాలు కూర్చుని వచ్చే తల్లిదండ్రులకు ఈ ప్రశ్న అడగటానికి వ్యవధి ఉండదు. ఉన్నా అడగటానికి ధైర్యం చాలదు. అందుకే ఈ నెల ఆ ప్రశ్ననే తీసుకుంటున్నాము.

ముందుగా జవాబు చెప్పి, తరువాత వివరాలలోకి వెళతాము. బొల్లి వచ్చిన పిల్లలలో అత్యధికుల చూపు ఆ మచ్చల వలన చెడదు. కనురెప్ప పూర్తిగా తెల్లబడినా, రెప్ప వెంట్రుకలు నెరిసినా, ఆ తెలుపు పాకి కంటిని కప్పివేయటం అన్నది జరగదు. అయితే చర్మానికీ కంటికీ బంధుత్వమే లేదనటం కూడా సరికాదు. ఆ బంధుత్వం అరుదుగా ప్రమాదకరమైన రూపం ధరిస్తుంది. అంతకంటె తరచుగా, మచ్చకు వాడే మందులే కంటికి చేటు తెస్తాయి. ఇంకా తరచుగా జరిగేది మరొకటి ఉన్నది: ఇంటిల్లిపాదీ మచ్చనే చూస్తూ ఉండగా, దానితో సంబంధం లేని మామూలు దృష్టిదోషం ఎవరి కంటా పడకుండా పోవటం.

పేరు చేసిన కీడు

బొల్లిని మన ప్రాంతంలో శ్వేతకుష్టు అని కూడా అంటారు. ఈ పేరు ఎందరో పిల్లల బాల్యాన్ని పాడుచేసింది. కుష్టు ఒక సూక్ష్మజీవి వలన వచ్చే వ్యాధి. అక్కడ మచ్చపై స్పర్శ తగ్గుతుంది. బొల్లి అంటువ్యాధి కాదు, స్పర్శ చెక్కుచెదరదు. శరీర రక్షణ వ్యవస్థ పొరబడి, చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే వర్ణకణాలనే శత్రువులుగా భావించి నాశనం చేయటం వలన ఆ భాగం తెల్లబడుతుంది. పాలు, చేపలు కలిపి తిన్నందువలన బొల్లి వస్తుందన్న మాటకు ఆధారం లేదు. ప్రపంచ జనాభాలో నూటికి ఒకరికి అటూ ఇటుగా ఈ సమస్య ఉన్నదని అంచనా. వీరిలో సుమారు సగం మందికి ఇరవై ఏళ్ళలోపే మొదలవుతుంది. కనుక ఇది పిల్లల సమస్య కూడా.

అరబీ భాష ఈ రెండు వ్యాధులనూ ఏనాడో వేరుచేసింది. బొల్లిని ‘బరస్’ అంటారు, కుష్టును ‘జుజామ్’ అంటారు. హజ్రత్ ఈసా (అ) అల్లాహ్ అనుమతితో స్వస్థపరచినవారిని ప్రస్తావించే సందర్భంలో దివ్య ఖుర్ఆన్ (3:49, 5:110) పుట్టుగ్రుడ్డినీ, బరస్ ఉన్నవానినీ ఒకేచోట పేర్కొంటుంది. కొన్ని తెలుగు అనువాదాలలో ఆ రెండవ పదానికి ‘కుష్టురోగి’ అని వ్రాయటంతో పాఠకుని మనసులో రెండు వ్యాధులూ కలిసిపోయాయి. ఆ ఆయతులలో అంధత్వం, బరస్ పక్కపక్కన ఉన్నాయి గాని, ఒకటి మరొకదానికి కారణమన్న సూచన లేదు. ఈ రెంటిని ముడిపెట్టి పిల్లలను భయపెట్టే పెద్దలు దీనిని గమనించాలి. ఇక సంబంధాల విషయానికి వస్తే, సహీహ్ ముస్లింలో వచ్చిన ఉవైస్ ఖర్నీ (రహ్మ) ఉదంతం ఒక్కటి చాలు. ఆయనకు బరస్ ఉండేది. నయమైన తరువాత కూడా దిర్హమ్ నాణెమంత మచ్చ మిగిలింది. అటువంటి వ్యక్తిని కలిస్తే తన మన్నింపు కొరకు దుఆ చేయించుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారికి చెప్పారు.

చర్మానికీ కంటికీ చుట్టరికం

గర్భంలో శిశువు రూపుదిద్దుకునే తొలి వారాలలో, మున్ముందు వెన్నుపాము కాబోయే నాళం అంచున ఒక కణసమూహం పుడుతుంది. అక్కడ నుండి వర్ణకణాలు శరీరమంతటా ప్రయాణం చేస్తాయి. కొన్ని చర్మంలో స్థిరపడతాయి, కొన్ని వెంట్రుకల కుదుళ్ళలో. మరికొన్ని కంటి లోపలి మధ్యపొరకు చేరుకుంటాయి. నల్లగుడ్డుకు రంగునిచ్చే ఐరిస్, రెటీనాకు వెనుకనుండి రక్తం అందించే కోరాయిడ్ ఈ పొరలోనివే. ఇంకొన్ని లోపలి చెవికి, మెదడును కప్పి ఉంచే పొరలకు కూడా పోతాయి. అంటే చర్మం, కన్ను, చెవి ఈ కణాల విషయంలో ఒకే తల్లి బిడ్డలు. అయితే రెటీనాకు ఆనుకుని ఉన్న మరొక వర్ణపొర మాత్రం ఈ వలసవచ్చిన కణాలది కాదు. అది కన్ను ఏర్పడే కణజాలం నుండే పుడుతుంది.

చర్మంలోని వర్ణకణాలపై దాడి జరిగినప్పుడు కంటిలోని వాటి సోదరులకు ఏమీ కాదా? ఈ ప్రశ్న నేత్రవైద్యులకు ఎప్పటినుండో ఉన్నదే. 1979లో అమెరికాకు చెందిన ఆల్బర్ట్, నార్డ్‌లండ్, లెర్నర్ అనే వైద్యులు బొల్లి ఉన్నవారి కండ్లను క్రమపద్ధతిలో పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. కొందరిలో కంటి లోపలి పొరలపై రంగు తగ్గిన చిన్న మచ్చలు కనిపించాయి. కొద్దిమందిలో యువియైటిస్, అంటే కంటి మధ్యపొర వాపు, ఉన్నది. తరువాత వివిధ దేశాలలో జరిగిన పరీక్షలు కూడా చాలావరకు ఈ దారిలోనే ఉన్నాయి. తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన అంశం ఇది: లోపల మచ్చలు ఉన్నవారిలో కూడా అత్యధికులకు అక్షరాల పట్టిక చదవటంలో ఏ లోపమూ లేదు. బొల్లి వలన నల్లగుడ్డు రంగు మారటం కూడా సాధారణంగా జరగదు.

కంటి లోపలి మచ్చ చూపును ఎందుకు చెరపదు? చూడటమనే పని చేసేది వర్ణకణం కాదు, కాంతిని గ్రహించే వేరే కణాలు. వర్ణకణం అదనపు కాంతిని పీల్చుకుంటుంది. అక్కడక్కడ కొన్ని కణాలు లేకపోయినంత మాత్రాన దృశ్యం చెదరదు. కాని అక్కడ దాడి వాపుగా మారితే కథ వేరు.

కన్ను ముందు, తెలుపు తరువాత

ఇప్పుడు అరుదైనదైనా తప్పక తెలిసి ఉండవలసిన వ్యాధి దగ్గరకు వస్తున్నాము. దాని పేరు వోగ్ట్-కొయనాగి-హరాడా వ్యాధి. స్విట్జర్లాండ్‌కు చెందిన వోగ్ట్ 1906లో, జపాన్‌కు చెందిన హరాడా 1926లో, కొయనాగి 1929లో వేర్వేరుగా వర్ణించిన లక్షణాలు ఒకే వ్యాధివని తేలిన తరువాత ముగ్గురి పేర్లూ కలిపారు. ఇంతకు చాలా ముందే, పదవ, పదకొండవ శతాబ్దాల నాటి బాగ్దాద్ నేత్రవైద్యుడు అలీ ఇబ్న్ ఈసా కంటి వాపునకూ రెప్ప వెంట్రుకలు తెల్లబడటానికీ సంబంధాన్ని గుర్తించాడని వైద్య చరిత్రకారులు చెబుతారు. ఆయన వ్రాసిన ‘తజ్కిరతుల్ కహ్హాలీన్’ శతాబ్దాల తరబడి నేత్రవైద్యులకు పాఠ్యగ్రంథంగా నిలిచింది. సూక్ష్మదర్శిని లేని కాలంలో కంటినీ వెంట్రుకనూ కలిపి చూడగలిగిన ఆ చూపును మెచ్చుకోకుండా ఉండలేము.

ఈ వ్యాధిలో రక్షణ వ్యవస్థ శరీరమంతటా ఉన్న వర్ణకణాలపై ఒక్కసారిగా తిరగబడుతుంది. మొదట కొన్ని రోజులు జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకుపోవటం, చెవులలో హోరు ఉంటాయి. చాలామంది దీనిని వైరల్ జ్వరంగా భావిస్తారు. వెంటనే రెండు కండ్లూ మసకబారతాయి, ఎర్రబడతాయి, వెలుతురును చూడలేవు. రెటీనా వెనుక నీరు చేరి అది తన స్థానం నుండి పైకి లేస్తుంది. చర్మంపై తెల్లమచ్చలు, రెప్పలు, కనుబొమలు నెరవటం, జుట్టు రాలటం వారాల, నెలల తరువాతగాని కనిపించవు. అందరూ అనుకునే క్రమానికి ఇది తలక్రిందులు. తెలుపును చూసి కంటిని అనుమానించేలోగా సమయం మించిపోవచ్చు. మొదటి రోజులలోనే స్టెరాయిడ్ మందులు అధిక మోతాదులో మొదలుపెట్టి, నెలల తరబడి నిదానంగా తగ్గిస్తూ, అవసరమైతే రక్షణ వ్యవస్థను అదుపుచేసే ఇతర మందులు జోడిస్తే చూపును చాలావరకు నిలుపుకోవచ్చు. ఆలస్యమైతే శుక్లం, నీటికాసులు, రెటీనాపై శాశ్వతమైన మచ్చలు మిగులుతాయి.

ఇది ఎక్కువగా ఇరవై నుండి యాభై ఏళ్ళ వారిలో వస్తుంది, పిల్లలలో తక్కువ. కాని పిల్లలలో వచ్చినప్పుడు తీవ్రంగా ఉండే అవకాశం ఉన్నది, పైగా చిన్నపిల్లలు మసకగా ఉన్నదని నోరు తెరిచి చెప్పరు. ఆసియా, మధ్యప్రాచ్య దేశాల వారిలోనూ లాటిన్ అమెరికాలోనూ ఇది ఎక్కువగా కనిపిస్తుంది. భారతదేశం ఆ పరిధిలోనిదే. మన ఇండ్లలో ఎర్రబడిన కన్ను అనగానే కండ్లకలక అనుకుని మందుల దుకాణంలో చుక్కల మందు కొనటం అలవాటు. కండ్లకలకలో పుసి కారుతుంది గాని చూపు సాధారణంగా తగ్గదు. ఎరుపుతో పాటు మసక, వెలుతురు భయం, తలనొప్పి, చెవిలో హోరు ఉంటే అది దుకాణంలో తేలే వ్యవహారం కాదు. అదే రోజు నేత్రవైద్యుని దగ్గరకు పోవాలి.

దీనికి దగ్గరి బంధువు మరొకటి ఉన్నది. ఒక కంటికి కర్ర, బాణం, టపాకాయ వంటివి గుచ్చుకుని లోతైన గాయమైనప్పుడు, వారాలు, నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరాలు గడిచాక, దెబ్బ తగలని రెండవ కన్ను కూడా వాచే ప్రమాదం ఉంటుంది. ఇందులోనూ కొందరికి చర్మం, రెప్పలు తెల్లబడతాయి. కనుక కంటి గాయపు చరిత్ర ఉన్న బిడ్డకు తెల్లమచ్చలు వస్తే ఆ పాత గాయం సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. ముఖంలో ఒకవైపు మాత్రమే మచ్చలు, అదే వైపు రెటీనా క్షీణత కలిసి వచ్చే అలెజాండ్రిని సిండ్రోమ్ కూడా వైద్యగ్రంథాలలో ఉన్నది గాని, అది వైద్యులలో చాలామంది జీవితకాలంలో చూడనంత అరుదు. దానికోసం నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు.

మందు తెచ్చే ముప్పు

మా దృష్టిలో తెలుగు ఇండ్లలో ఎక్కువగా మాట్లాడుకోవలసినది ఈ భాగమే. పై వ్యాధి అరుదు. స్టెరాయిడ్ ట్యూబు అరుదు కాదు. చీటీ లేకుండా దొరుకుతుంది, పక్కింటివారు సలహా ఇస్తారు, మొదటి చీటీ వ్రాసిన వైద్యుడు రెండు వారాలే అన్నా రెండేండ్లు రాసేవారున్నారు. కనురెప్ప చర్మం శరీరంలోకెల్లా పలుచనిది. దానిపై బలమైన స్టెరాయిడ్ లేపనం నెలల తరబడి రాస్తే, మందు కంటిలోనికి చేరి లోపలి ఒత్తిడిని పెంచగలదు. అందరు పిల్లలలోనూ ఇది జరగదు, కొందరి శరీరతత్వం అటువంటిది. ఒత్తిడి పెరిగినా నొప్పి ఉండకపోవచ్చు. కంటి నరం నెమ్మదిగా ఎండిపోతుంది. నీటికాసుల వలన పోయిన చూపు తిరిగి రాదు. స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడితే పిల్లలలో కూడా శుక్లం రావచ్చు. ఇది మాత్రలకూ వర్తిస్తుంది. మన దేశంలో వేగంగా వ్యాపించే బొల్లిని ఆపటానికి వారానికి రెండు రోజులు బీటామెథసోన్ మాత్రలు ఇచ్చే పద్ధతి ఉన్నది. అది వైద్యుని పర్యవేక్షణలో ఉపయోగకరమే. బిడ్డ ఆ మాత్రలు వాడుతున్నంతకాలం కంటి ఒత్తిడిని, కటకాన్ని నడుమ నడుమ పరీక్షింపజేయటం అందులో భాగం కావాలి.

స్టెరాయిడ్ అనగానే బెదిరి మందు మానివేయమని మేము అనటం లేదు. కనురెప్పలకు, ముఖానికి స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ వంటి లేపనాలు ఉన్నాయి. వాటికి కంటి ఒత్తిడిని పెంచే గుణం లేదు. పన్నెండేళ్ళు దాటినవారికి రుక్సోలిటినిబ్ అనే లేపనాన్ని 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. “ఈ మందు రెప్ప మీద రాయవచ్చునా? ఎన్నాళ్ళు?” అని వైద్యుని అడగటం మర్యాదకు భంగం కాదు.

రెండవది కాంతి చికిత్స. బావంచాల గింజలను బొల్లికి వాడటం మన దేశంలో అతి ప్రాచీనం. ఈజిప్టులో అదే పనికి అత్రిలాల్ అనే మొక్క విత్తనాలను తినిపించి ఎండలో కూర్చోబెట్టేవారు. పదమూడవ శతాబ్దపు ఇబ్న్ అల్ బైతార్ దీనిని వర్ణించాడు. 1940లలో కైరోలో అబ్దుల్ మునిమ్ అల్ ముఫ్తీ అనే వైద్యుడు ఆ విత్తనాల సారంతో చేసిన చికిత్స నుండే నేటి సోరాలెన్ వైద్యం పుట్టింది. రెండు మొక్కలలోనూ ఉన్నది ఒకే జాతి పదార్థం. అది శరీరంలో ఉన్నంతసేపు చర్మంతో పాటు కంటి కటకం కూడా సూర్యకాంతికి మెత్తబడి ఉంటుంది. అందుకే సోరాలెన్ మాత్ర వేసుకున్నవారు అతినీలలోహిత కిరణాలను ఆపే కండ్లద్దాలను ఆ రోజంతా, ఇంటిలో కిటికీ దగ్గర కూడా, ధరించాలంటారు. పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఈ మాత్రలు సాధారణంగా ఇవ్వరు. నాటుమందు పేరిట బావంచాల పొడి తినిపించి ఎండలో నిలబెట్టేవారికి ఈ జాగ్రత్తలేవీ తెలియవు. చర్మంపై బొబ్బలు వస్తేగాని ఆపరు. నేడు పిల్లలకు ఎక్కువగా ఇచ్చేది నారోబ్యాండ్ యూవీబీ చికిత్స. ఇందులో మింగే మందు లేదు. పెట్టెలో నిలుచున్నంతసేపు కండ్లకు రక్షణ అద్దాలు పెట్టించటం మరువకూడదు.

సుర్మా గురించి ఒక మాట. కంటికి ఏ ఇబ్బంది వచ్చినా సుర్మా పెట్టే అలవాటు మన కుటుంబాలలో ఉన్నది. సున్నత్ పేరు చెప్పి బజారులో అమ్మే సుర్మాలలో అనేకం ఇస్మిద్ కాదు, సీసపు ఖనిజం. సీసం పిల్లల మెదడుకు హానికరం. దాని బదులు పెట్టకపోవటమే మేలు.

బొల్లి కానివి

కొందరు పిల్లలను బొల్లి అని తీసుకువస్తారు గాని వారిది బొల్లి కాదు. పుట్టుకతోనే శరీరమంతా, జుట్టు సహా తెల్లగా ఉండి, కండ్లు అటూ ఇటూ కదులుతూ, వెలుతురుకు ముడుచుకుపోతే అది ఆల్బినిజం. ఇందులో రెటీనా కేంద్రం సంపూర్ణంగా ఎదగదు కనుక చూపు నిజంగానే తక్కువగా ఉంటుంది. అద్దాలతో పూర్తిగా సరికాదు. బొల్లి ఉన్నవారు గ్రుడ్డివారవుతారన్న అపోహలో కొంత భాగం ఈ పిల్లలను చూసి పుట్టినదే కావచ్చునని మాకు అనిపిస్తుంది. తల్లి, తండ్రి ఇరువురి నుండీ లోపం గల జన్యువు వస్తేనే ఆల్బినిజం కలుగుతుంది. కనుక దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు జరిగే కుటుంబాలలో, అది మేనరికమైనా, పినతండ్రి పిల్లల సంబంధమైనా, ఎక్కువగా కనిపిస్తుంది. ఈ పిల్లలకు కావలసినది మచ్చల మందు కాదు. బడిలో ముందు బల్ల, పెద్ద అక్షరాల పుస్తకం, రంగు కండ్లద్దాలు.

నుదుట తెల్లని జుట్టుపాయ, నీలి కండ్లు, పుట్టుకతో కొన్ని తెల్లమచ్చలు కలిసి ఉంటే అది వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ కావచ్చు. 1951లో దీనిని వర్ణించినది ఒక డచ్ నేత్రవైద్యుడే. ఇక్కడ చూపు కంటె వినికిడి ముఖ్యం. ఆ బిడ్డకు వెంటనే చెవి పరీక్ష చేయించాలి.

మచ్చ వెనుక దాగిన దృష్టిదోషం

ఎనిమిదేళ్ళ పాప ముఖంలో మచ్చ ఉన్నదనుకుందాం. ఆమె వెనుక బల్లలో కూర్చుంటుంది, నల్లబల్ల దగ్గరకు పిలిస్తే రాదు, పుస్తకంలో ముఖం దాచుకుంటుంది. సిగ్గు అని ఉపాధ్యాయురాలు అనుకుంటుంది, బెంగ అని తల్లి అనుకుంటుంది. నల్లబల్ల కనిపించక కూడా పిల్లలు సరిగ్గా ఇదే చేస్తారు. హ్రస్వదృష్టి ఎవరికైనా వచ్చే సాధారణ సమస్య. బొల్లి ఉన్నవారికి రాదని ఏమీ లేదు. ఒక కంటిలో మాత్రమే దోషం ఉంటే మెదడు ఆ కంటిని వాడటం మానివేస్తుంది. చిన్నవయసులో, ముఖ్యంగా ఏడెనిమిదేళ్ళలోపు, అద్దాలు, రెండవ కంటికి పట్టీ కట్టటం వంటి చికిత్సలతో ఆ కంటిని మేల్కొల్పటం సులభం. ఆ వయసు దాటిన కొద్దీ కష్టమవుతుంది. మచ్చ కొరకు ఆరుగురు వైద్యులను తిరిగిన తల్లిదండ్రులు కంటి పట్టిక ముందు బిడ్డను ఒక్కసారి కూడా నిలబెట్టకపోవటం మేము చూస్తూనే ఉన్నాము.

పిల్లల కంటి పరీక్షకు డబ్బు అడ్డు కానక్కరలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చే బృందాలు చూపును కూడా పరీక్షిస్తాయి. హైదరాబాదులో మెహదీపట్నంలోని సరోజినీ దేవి ప్రభుత్వ నేత్రవైద్యశాల ఉన్నది. ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థకు రెండు రాష్ట్రాలలోనూ గ్రామీణ కేంద్రాలున్నాయి. బొల్లి నిర్ధారణ అయినప్పుడు ఒకసారి, ఆపై ఏడాదికి ఒకసారి కంటి పరీక్ష చేయిస్తే చాలునని మా అభిప్రాయం. కంటి చుట్టూ మచ్చలున్నా, స్టెరాయిడ్ వాడుతున్నా వైద్యుడు ఇంకా ముందే రమ్మనవచ్చు. బొల్లి ఉన్న పిల్లలలో థైరాయిడ్ సమస్య కొంత ఎక్కువ కనుక రక్తపరీక్ష సంగతి కూడా చర్మవైద్యుని అడగండి.

పరీక్షకు వెళ్ళే రోజున కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు. కొన్ని గంటలు, కొన్ని మందులైతే ఒకటి రెండు రోజులు, దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, ఎండ గుచ్చుతుంది. అది చుక్కల ప్రభావమేనని బిడ్డకు ముందే చెప్పి, టోపీగాని గొడుగుగాని వెంట ఉంచుకోండి; మరునాడు పరీక్షలు ఉంటే వేరే రోజు ఎంచుకోండి. ఇప్పటివరకు రాసిన లేపనాల ట్యూబులు, మాత్రల అట్టలు, హకీము ఇచ్చిన పొట్లంతో సహా, ఖాళీవైనా సరే పారవేయకుండా ఒక సంచిలో వేసి నేత్రవైద్యుని ముందు పెట్టండి. ఏ మందు ఎన్ని నెలలు రాశారో ఆయన అడుగుతారు.